టవరు తుపాకీని మించిన ముంగేరు పనితనం

బీహారులోని ముంగేరు పేరు వినగానే నేడు దొంగచాటు నాటు పిస్తోళ్లే గుర్తుకు రావడం శోచనీయం. బెంగాలు నవాబు మీర్ ఖాసిం 1762లో రాజధానిని ముర్షిదాబాదు నుంచి ఇక్కడికి మార్చి, ఆర్మీనియన్ సేనాని గుర్గీన్ ఖాన్ పర్యవేక్షణలో చెకుముకి తుపాకులు చేయించాడు. మీట నొక్కగానే చెకుముకిరాయి ఉక్కురేకును రాసుకుని, రాలిన నిప్పురవ్వలు మందును అంటించాలి. రవ్వ రాలకుంటే తుపాకీ దుడ్డుకర్రతో సమానమే! ముంగేరు పనివారు ఇందుకు రాజమహల్ కొండల అగేటు రాళ్లు వాడారు. కలకత్తా కౌన్సిలు ఆదేశంపై పోల్చిచూసిన ఆంగ్ల అధికారులు, లండను టవరు పరీక్షలో నెగ్గిన కంపెనీ తుపాకులకంటే ఇవే మేలని తేల్చారు. అయినా 1763లో ముంగేరు కోట కంపెనీ వశమైంది. తుపాకీ పని మాత్రం ఆ ఊరిని వీడలేదు. లైసెన్సు పొందిన కర్మాగారాలలో ఒంటిగొట్టం, జంటగొట్టాల తుపాకులు తయారవుతూ వచ్చాయి. గిరాకీ సన్నగిల్లడంతో పలువురు పనివారు ఉపాధి కోల్పోగా, చేయి తిరిగిన వారిలో కొందరు దొంగ కొలుముల దారి పట్టారు.