ఒంటె పాదంలో రంధ్రం: పాత మజిల్ కారు కొనదలచిన వారికి

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు ముస్లిం కుటుంబాల యువకులలో కొందరికి ఒక కొత్త అభిరుచి కలిగింది. అరవై ఏళ్ల నాటి అమెరికన్ కార్లను, అందులోనూ 'మజిల్ కార్లు' అని పిలువబడే పెద్ద ఇంజను కార్లను తక్కువ ధరకు కొని, సెలవు దినాలలో స్వహస్తాలతో బాగుచేసుకోవటం ఆ అభిరుచి. గుంటూరు జిల్లా నుండి ఒక సోదరి ఈ విషయమై మాకు ఉత్తరం రాశారు. టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్న ఆమె కుమారుడు ఇటువంటి కారు కొనాలనుకున్నాడు. చేతిలో ఉన్న సొమ్ముకు కొంత బ్యాంకు అప్పు కలపాలన్నది అతని ఆలోచన. "తుప్పు పట్టిన ఇనుముకు ఇంత సొమ్మా?" అని తండ్రి ఆగ్రహించి, నెల రోజులుగా కుమారుని ఫోను తీయటం లేదట. ఇది హరామా, హలాలా చెప్పమని ఆ తల్లి అడిగారు.

మేము ఫిఖ్‌హ్ బోధించేవారమే గాని కార్ల మరమ్మతు తెలిసినవారము కాము. అయితే మా వద్ద చదువుకొని, తరువాత ఇల్లినాయ్‌లో మోటారు గ్యారేజీ పెట్టుకొన్న శిష్యుడు ఒకరున్నారు. ఇషా నమాజు తరువాత నాలుగైదు రాత్రులు అతనితో ఫోనులో మాట్లాడి, తెలుసుకొన్నది మేము చదివిన గ్రంథాలతో కలిపి ఇక్కడ రాస్తున్నాము.

ముందుగా ఆ కార్ల సంగతి. 1964లో పాంటియాక్ సంస్థ తన మధ్యరకపు కారులో 389 ఘనపు అంగుళాల పెద్ద ఇంజను బిగించి, సుమారు 296 డాలర్ల అదనపు ధరకు 'జీటీవో' పేరుతో అమ్మింది. ఆ తరగతి కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజను పెట్టరాదని మాతృసంస్థ జనరల్ మోటార్స్ నియమం. జీటీవోను ప్రత్యేక మోడల్‌గా కాక, కొనుగోలుదారు కోరితే చేర్చే అదనపు సామగ్రిగా చూపించి వారు ఆ నియమాన్ని దాటవేశారు. మన పాఠాలలో దీనినే 'హీలా' అంటాము! మొదటి ఏడే 32,450 కార్లు అమ్ముడుపోయాయి. మిగిలిన సంస్థలూ అదే బాట పట్టాయి. తరువాత బీమా సంస్థలు ఈ కార్లకు రుసుము పెంచాయి, 1970లో వాయు కాలుష్య చట్టం కఠినమైంది. 1973 అక్టోబరు యుద్ధ సమయంలో అరబ్బు దేశాలు అమెరికాకు చమురు నిలిపివేయటంతో, అప్పటికే క్షీణిస్తున్న ఆ యుగం ముగిసింది.

అందమైన వాహనాన్ని ఇష్టపడటమే తప్పు అనేవారున్నారు. వారు నహ్ల్ సూరాలోని ఎనిమిదవ ఆయతును ఒకసారి చూడాలి. గుర్రాలను, కంచరగాడిదలను, గాడిదలను అల్లాహ్ స్వారీ కొరకు మాత్రమే గాక అలంకారంగా కూడా సృష్టించాడని అక్కడ ఉన్నది. మరోవైపు, గుర్రాన్ని పోషించేవారు మూడు రకాలని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలిపిన హదీసు బుఖారీలో ఉన్నది. ఒకరికి గుర్రం పుణ్యం, ఒకరికి అవసరాన్ని తీర్చే తెర, ప్రగల్భం కోసం కట్టుకున్నవానికి అది పాపభారం. ఇనుప గుర్రానికీ ఇదే కొలమానమని మా అభిప్రాయం. కనుక ఆ సోదరికి మా మొదటి సమాధానం: కారు కొనటం దానంతట అది హరామ్ కాదు. వడ్డీ అప్పుతో కొనటం హరామ్. అప్పు విషయంలో తండ్రి మాటే సరి. తప్పనిసరి అవసరమని చెప్పుకోవటానికి సైతం ఇక్కడ వీలు లేదు. ఇది సరదా వస్తువు, సొమ్ము కూడేదాకా ఆగవచ్చు.

సొమ్ము కూడిన తరువాత ఏది కొనాలి? పేరు మోసిన కార్ల ధరలు సామాన్య ఉద్యోగికి అందవు. మా శిష్యుడు చెప్పినది ఆ కార్ల పేద తోబుట్టువులను చూడమని. జీటీవో కాకపోతే అదే శరీరం గల లెమాన్, అదే కుటుంబంలోని ఓల్డ్స్‌మొబిల్ కట్లస్, బ్యూక్ స్కైలార్క్. ఇంకా చిన్నవి కావాలంటే 1968 నుండి 1974 వరకు వచ్చిన షెవర్లే నోవా, 1970 నుండి 1976 వరకు వచ్చిన ప్లిమత్ డస్టర్, డాడ్జ్ డార్ట్, 1,995 డాలర్ల ప్రారంభ ధరతో విడుదలైన ఫోర్డ్ మావెరిక్. వీటిలో నోవాకు విడిభాగాలు ఇప్పటికీ కొత్తగా తయారై దొరుకుతాయి గనుక మొదటిసారి చేయి పెట్టేవానికి అదే సులువట. ఆరు సిలిండర్ల ఇంజను గల డార్ట్‌ను సేకరణదారులు చిన్నచూపు చూస్తారు గాని, ఆ ఇంజను మన్నికకు పేరు పొందినది. నాలుగు తలుపుల కార్లను కూడా వారు పట్టించుకోరు, కనుకనే అవి చవక. భార్యాపిల్లలు ఉన్నవానికి నాలుగు తలుపులు లోపమెలా అవుతాయో మాకు అర్థం కాలేదు.

ఇంజను చెడితే భయపడవద్దు, తుప్పుకే భయపడండి అన్నాడు అతను. ఇంజను విప్పి బాగుచేయవచ్చు, మరొకటి తెచ్చి పెట్టవచ్చు. శరీరమే తినేసిన తుప్పును కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయటానికి కారు ధరను మించి ఖర్చవుతుంది. డార్ట్, డస్టర్ వంటి కార్లకు విడి చట్రం ఉండదు, శరీరమే చట్రం. అక్కడ కింది దూలాలు తుప్పుపడితే ఆ కారును వదలివేయటమే మేలు. షికాగో వంటి చోట్ల చలికాలంలో మంచు కరగటానికి రోడ్లపై ఉప్పు చల్లుతారు, అదే ఈ కార్లకు శత్రువు. అరిజోనా వంటి ఎండ ప్రాంతాల కార్లకు సీట్లు చిరిగినా, డాష్‌బోర్డు పగిలినా, ఇనుము గట్టిగా ఉంటుంది. పైన రంగు మెరుస్తూ ఉంటే మోసపోరాదు. పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని రేకుపై జరుపుతూ పోవాలి, అది పట్టని చోట రంగు కింద పుట్టీ ఉన్నదని అర్థం. లోపలి కార్పెట్ ఎత్తి నేల చూడాలి. డిక్కీలో స్టెప్నీ కింద చూడాలి. ముందు అద్దం కింద గాలి వచ్చే సందులో నీరు నిలిచి లోపలికి కారిందేమో చూడాలి. పైకప్పుకు వినైల్ గుడ్డ అంటించిన కార్లలో ఆ గుడ్డ కిందే తుప్పు దాగి ఉంటుంది.

కిలోమీటర్లు కాదు, మైళ్లు చూపే మీటరును కూడా నమ్మరాదు. ఆ కాలపు కార్లలో చాలావాటికి అయిదు అంకెలే. లక్ష దాటగానే మళ్లీ సున్నా నుండి మొదలవుతుంది. 62,000 అని కనిపించేది 1,62,000 కావచ్చు.

అన్నిటికంటే పెద్ద మోసం పేరులో ఉంటుంది. మామూలు లెమాన్‌కు జీటీవో గుర్తులు తగిలించి ఆ ధరకు అమ్మేవారున్నారు. 1966 నుండి 1971 వరకు వచ్చిన జీటీవో చాసిస్ నంబరు 242తో మొదలవుతుంది గనుక పట్టుకోవచ్చు. 1964, 65 కార్లలో నంబరు ఆ సంగతి చెప్పదు, పాత కాగితాలే సాక్ష్యం. 1969 తరువాతి షెవెల్ ఎస్.ఎస్. కార్లదీ ఇదే పరిస్థితి. "ఇది నకలు, నేనే మార్చాను" అని చెప్పి నకలు ధరకు అమ్మితే దోషం లేదు. చెప్పకుండా అమ్మితే అది, తడిసిన ధాన్యాన్ని కుప్ప అడుగున దాచిన వర్తకుడు చేసిన పనే. ఆ కుప్పలో చేయి పెట్టి చూసి ప్రవక్త (స) ఏమన్నారో మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు.

అమెరికాలో వ్యక్తులు అమ్మే పాత కార్లలో చాలామటుకు 'ఉన్నది ఉన్నట్లుగా' అనే షరతుతో అమ్ముడవుతాయి. తరువాత ఏ లోపం బయటపడినా అమ్మినవానికి బాధ్యత లేదని దాని అర్థం. హనఫీ మజ్‌హబ్‌లో ఈ షరతు చెల్లుతుంది. ఒక్కొక్క లోపాన్ని పేరు పెట్టి చెప్పకపోయినా చెల్లుతుందని హిదాయాలో ఉన్నది. షాఫయీ పండితులు దీనిని ఇంత విశాలంగా అంగీకరించరు. అయితే షరతు చెల్లటం వేరు, తెలిసిన లోపాన్ని దాచటం వేరు. షరతు అమ్మకందారుని కోర్టు నుండి తప్పిస్తుంది గాని పాపం నుండి తప్పించదు.

ఇమామ్ గజాలీ (రహ్మ) ఇహ్యాలో సహాబీ వాసిలా బిన్ అస్కా (రజి) గురించి రాసిన వృత్తాంతం ఇక్కడ జ్ఞాపకం వస్తున్నది. ఒకడు తన ఆడ ఒంటెను 300 దిర్హములకు అమ్మాడు. అక్కడే నిలిచి ఉన్న వాసిలా ఏమరుపాటున ఉండగా కొన్నవాడు ఒంటెను తోలుకుపోయాడు. ఆయన వెంటపడి పరుగెత్తి, మాంసానికా, స్వారీకా అని అడిగారు. స్వారీకి అన్నాడతడు. దాని పాదంలో రంధ్రం ఉన్నది, దూరప్రయాణానికి నిలువదు అని చెప్పారు. అతడు వెనుకకు వచ్చాడు, అమ్మినవాడు 100 దిర్హములు తగ్గించవలసి వచ్చింది. నా బేరం పాడుచేశావని అతడు వాసిలాను నిందించాడు కూడా. ఒంటె ఆయనది కాదు, లాభనష్టాలు ఆయనవి కావు. సొంత కారు అమ్ముతూ తుప్పుపై పుట్టీ పూసినవాడు తనను ఎక్కడ నిలుపుకొంటాడు?

షరతు లేకుండా కొన్న కారులో దాగిన లోపం కనబడితే కొన్నవానికి 'ఖియారుల్ ఐబ్' హక్కు ఉన్నది: పూర్తి ధరకు ఉంచుకోవచ్చు, లేదా తిరిగి ఇవ్వవచ్చు. ఇక్కడ మన యువకులు తెలుసుకోవలసిన సూక్ష్మం ఒకటున్నది. లోపం తెలిసిన తరువాత కూడా సొంత పనికి ఆ వాహనమెక్కితే, లోపాన్ని అంగీకరించినట్లే. తిరిగి ఇవ్వటానికి ఎక్కినా, నీరు తాపటానికి గాని మేత కొనటానికి గాని ఎక్కినా హక్కు పోదని మన గ్రంథాలలో ఉన్నది. మేత స్థానంలో పెట్రోలు అనుకుంటే సరిపోతుంది. కారును విప్పివేసిన తరువాత గాని, కొత్త రంగు వేసిన తరువాత గాని లోపం బయటపడితే తిరిగి ఇవ్వటం కుదరదు, ఆ లోపం మేరకు ధర తగ్గించమని అడిగే హక్కే మిగులుతుంది. అందుచేత రెంచి పట్టకముందే పరీక్ష పూర్తిచేయాలి.

కొన్న తరువాతి సంగతులు క్లుప్తంగా. 1967కు ముందరి కార్లలో చాలావాటికి బ్రేకు ద్రవపు మార్గం ఒక్కటే. ఒకచోట కారితే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. అన్నిటికంటే ముందు దీనిని మార్పించాలి. భుజంపై నుండి వచ్చే బెల్టులు లేకుంటే పెట్టించాలి. పాత బ్రేకుల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉంటుంది, దానిని ఊదరాదు. మూసిన గ్యారేజీలో ఇంజను నడపరాదు. ఫజ్ర్ నమాజుకు ఈ కారులో వెళ్లి వీధి వీధంతా లేపటం పొరుగువారి హక్కుకు భంగమని వేరే చెప్పనవసరం లేదు. ముక్కలుగా విప్పి డబ్బాలలో పోసిన కారు చవక అని కొనవద్దని మా శిష్యుడు గట్టిగా చెప్పాడు. ఏ భాగం పోయిందో చివరి రోజుదాకా తెలియదట. నడుస్తున్న కారు కొని, చేతిలో ఉన్న సొమ్ములో సగమైనా మరమ్మతుకు ఉంచుకోవాలి.

తండ్రి విషయంలో ఆ యువకునికి మేము రాసినది ఒక్కటే. అప్పు ఆలోచన విరమించుకున్నానని ముందు అబ్బాకు ఉత్తరం రాయి, ఫోను తీయకపోయినా ఉత్తరం చదువుతారు, కారు మాట తరువాత ఎత్తు అన్నాము.

మరొక ప్రశ్న కూడా ఆ ఉత్తరంలో ఉన్నది, జకాత్ గురించి. సొంతానికి వాడుకొనే కారుపై, అది ఎంత ఖరీదైనదైనా, జకాత్ లేదు. బాగుచేసి అమ్మాలనే ఉద్దేశంతో కొంటే మాత్రం అది వ్యాపార సరుకు. జకాత్ సంవత్సరం పూర్తయిన రోజున, ఉన్న స్థితిలో బజారులో ఎంతకు అమ్ముడవుతుందో అంత విలువను మిగతా సొమ్ముతో కలిపి రెండున్నర శాతం ఇవ్వాలి. పెట్టిన ఖర్చు లెక్క కాదు. సొంతానికని కొని, మధ్యలో అమ్ముదామనుకుంటే, అమ్మి డబ్బు చేతికి వచ్చేదాకా దానిపై జకాత్ పడదు.