సంతకు ఒంటరిగా వెళ్లేవారికి: జిగణి తెలుగువారి కోసం బజారు పరిచయం

జిగణి పారిశ్రామిక వాడలోని కర్మాగారాల్లోనూ, గ్రానైటు పాలిషింగు యూనిట్లలోనూ పనికి వచ్చిన తెలుగువారిలో కుటుంబాన్ని స్వగ్రామంలో ఉంచి, అద్దెగదిలో ఒంటరిగా వండుకొని తినేవారు ఎందరో ఉన్నారు. కొత్త ఊరిలో వీరికి తొలి పరీక్ష పెట్టేది కూరగాయల బజారు. ధర అడగడానికి జంకి, ఎదురుగా ఉన్నదే కొని, చెప్పినంతా చెల్లించి వచ్చేవారికి నెల తిరిగేసరికి ఇంటికి పంపవలసిన సొమ్ములో కొంత తరిగిపోతుంది. బజారు తీరు, అక్కడి మాట, తూకం నియమాలు తెలిస్తే ఈ నష్టాన్ని చాలావరకు నివారించవచ్చు.

ఏ అవసరానికి ఏ బజారు

రోజువారీ అవసరాలకు జిగణిలోని దుకాణాలు, తోపుడుబళ్లు, పరిసర గ్రామాల వారపు సంతలు సరిపోతాయి. తెలుగువారు ‘సంత’ అనే దానిని కన్నడిగులు ‘సంతె’ అంటారు. ఉద్యానవన రైతుల సహకార సంఘమైన హాప్‌కామ్స్ దుకాణాల్లో ఆనాటి ధరలు పలకపై రాసి ఉంటాయి. వాటిని ఒకసారి చూసుకొని వెళితే బయట బేరం ఆడేటప్పుడు అంచనా ఉంటుంది. పండ్ల టోకు వ్యాపారానికి హుస్కూరు సమీపంలోని సింగేన అగ్రహార బజారు పేరుపొందినది. అయితే అక్కడ పెట్టెల లెక్కన సాగే అమ్మకం ఒక్కరికి ఉపయోగపడేది అరుదు. నలుగురు కలిసి కొనుక్కొని పంచుకుంటే లాభం.

నగరమంతటికీ పెద్ద బజారు కృష్ణరాజేంద్ర మార్కెట్టు. మైసూరు మహారాజు నాలుగవ కృష్ణరాజ ఒడెయరు పేరిట 1928లో వెలసిన ఈ బజారును జనం కే.ఆర్. మార్కెట్టు అనీ, సిటీ మార్కెట్టు అనీ పిలుస్తారు. పూలు, కూరగాయలు, పండ్లు, దినుసులు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. పూల టోకు వ్యాపారం తెల్లవారకముందే ఆరంభమవుతుంది. చిల్లరగా కొనేవారు అంత చీకటిలో బయలుదేరవలసిన అవసరం లేదు. వెలుగు వచ్చాక వెళ్లినా కావలసినవి దొరుకుతాయి.

సగం తెలిసిన భాషే

కన్నడం రాదని బెదరవలసిన పని లేదు. రెండు భాషలకు మూలం ఒక్కటే కనుక బజారు మాటల్లో చాలావాటికి పోలిక కనిపిస్తుంది. పాత కన్నడంలో పదాల మొదట ఉండిన ‘ప’ కారం మధ్యయుగాల్లో ‘హ’ కారంగా మారింది. తెలుగులో అది నిలిచి ఉన్నది. అందువల్ల పాలు ‘హాలు’, పండు ‘హణ్ణు’, పువ్వు ‘హూవు’, పెసర ‘హెసరు’, పది ‘హత్తు’ అవుతాయి. చిత్తూరు ప్రాంతం వారు ఇష్టంగా తినే పితికిపప్పు ఇక్కడి ‘హితికిన బేళె’. చలికాలంలో అవరెకాయలు రాశులుగా వచ్చినప్పుడు అది బజారంతా కనిపిస్తుంది.

అదేవిధంగా తెలుగు ‘వ’ కారానికి కన్నడంలో తరచు ‘బ’ కారం ఉంటుంది. వెన్న ‘బెణ్ణె’, వెల్లుల్లి ‘బెళ్ళుళ్ళి’, వెల ‘బెలె’. ఉల్లిపాయను ‘ఈరుళ్ళి’ అంటారు. మన నీరుల్లిని తలచుకుంటే ఆ మాట వెంటనే పట్టుబడుతుంది.

పోలిక చూసి పొరపడే మాటలూ కొన్ని ఉన్నాయి. రాయలసీమలో సొప్ప అంటే పశువుల మేత. ఇక్కడ ‘సొప్పు’ అంటే ఆకుకూర. ‘కడలె’ అంటే శనగలు, ‘కడలెకాయి’ అంటే వేరుశనగకాయలు. తెలుగువారు బెంగుళూరు వంకాయ అనేది బెంగుళూరులో ‘సీమెబదనెకాయి’. బెంగుళూరు మిర్చికి ఇక్కడి పేరు ‘దొణ్ణెమెణసినకాయి’. ఊరి పేరుతో అడిగితే ఆ ఊరిలోనే అర్థం కాని వస్తువులు ఈ రెండూ. వంకాయ ‘బదనెకాయి’, కాకర ‘హాగలకాయి’, పొట్ల ‘పడవలకాయి’, మునగ ‘నుగ్గెకాయి’, కందిపప్పు ‘తొగరిబేళె’, చింతపండు ‘హుణసెహణ్ణు’.

బేరానికి నాలుగైదు మాటలు చాలు. ‘ఎష్టు?’ అంటే ఎంత అని. ‘కడిమె మాడి’ అంటే తగ్గించండి, ‘సాకు’ అంటే చాలు, ‘బేడ’ అంటే వద్దు, ‘కొడి’ అంటే ఇవ్వండి. అమ్మేవారిని ‘అణ్ణా’, ‘అక్కా’, వృద్ధురాలైతే ‘అజ్జీ’ అని సంబోధించడం ఇక్కడి మర్యాద. వ్యాపారుల్లో తెలుగు తెలిసినవారు పలువురు ఉన్నప్పటికీ మొదటి మాట కన్నడంలో పలికితే ఆదరణ పెరుగుతుంది.

కొలతలు, తూకం

పావుకిలోను ఇక్కడ ‘కాల్ కేజీ’ అనీ, ముప్పావును ‘ముక్కాలు కేజీ’ అనీ అంటారు. ‘పావు’ అనే మాట ఇక్కడ బియ్యం, గింజలు కొలిచే చిన్న పాత్రకు వాడుక. పూలను ‘మొళ’ లెక్కన అమ్ముతారు. అది మన మూర. ‘మారు’ అంటే బార. సంతలో కూరగాయలను చిన్నచిన్న కుప్పలుగా పోసి ‘గుడ్డె’ ఇంత అని చెప్పడం కూడా ఉన్నది. కుప్పకు తూకం ఉండదు కనుక కింది కాయలను కూడా చూసి కొనాలి.

2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం వ్యాపారి వాడే త్రాసును నిర్ణీత కాలానికి తనిఖీ చేయించి ముద్ర వేయించాలి. రాళ్లతో తూచడం చెల్లదు. ఎలక్ట్రానిక్ త్రాసు అయితే సరుకు వేయకముందు సున్నా చూపుతున్నదా, తట్ట బరువు తీసివేశారా అన్నది గమనించాలి. అనుమానం కలిగితే సులువైన పరీక్ష ఒకటున్నది. మూత తీయని ఒక లీటరు నీళ్ల సీసా బరువు సీసాతో కలిపి కిలోకు కొద్దిగా ఎక్కువ ఉండాలి. త్రాసు అంతకంటే బాగా ఎక్కువ చూపితే కొనుగోలుదారు నష్టపోతున్నట్లే. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915. ఇక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఒక్కరికి సరిపడా

ఫ్రిజ్ లేని గదిలో ఉండేవారికి చవకగా దొరికిందని ఎక్కువ కొనడం నష్టమే. ఆకుకూర ఒక కట్ట, రెండు రోజులకు సరిపడా కాయలు, వారానికి సరిపడా ఉల్లి, బంగాళాదుంప అనే క్రమం అనుకూలం. చీకటి పడే వేళకు మిగిలిన సరుకును తగ్గించి అమ్మే వ్యాపారులు ఉంటారు. అప్పుడు కొన్నది ఆ రాత్రే వండుకోవాలి. రాయలసీమ నుండి వచ్చినవారికి రాగిపిండి, జొన్నలు ఇక్కడ సులభంగా దొరకడం ఊరట.

శుభ్రత, ఆరోగ్యం

పండ్లను కాల్షియం కార్బైడుతో మాగబెట్టడం దేశమంతటా నిషిద్ధం. పరిమితికి లోబడి ఇథిలీన్ వాయువును వాడడానికి అనుమతి ఉన్నది. ఏ పండునైనా పారే నీటిలో బాగా కడిగి తినాలి. గోబి మంచూరియాలో కృత్రిమ రంగుల వాడకాన్ని కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో నిషేధించింది. పీచుమిఠాయిలో రోడమిన్-బి రంగును కూడా అప్పుడే నిషేధించింది. కళ్లు జిగేల్మనే ఎరుపు కనిపిస్తే అది తినకపోవడమే మేలు. పలుచని ప్లాస్టిక్ సంచులపై కర్ణాటకలో 2016 నుండి నిషేధం అమలులో ఉన్నది కనుక గుడ్డసంచి వెంట తీసుకువెళ్లాలి.

ప్రయాణం, జాగ్రత్త

మెట్రో పసుపు మార్గం 2025 ఆగస్టులో ప్రారంభమైన తరువాత జిగణివారికి పెద్ద మార్కెట్టు దగ్గరైంది. బొమ్మసంద్రలో ఎక్కి, ఆర్.వి. రోడ్డులో ఆకుపచ్చ మార్గానికి మారితే ఐదవ స్టేషను కృష్ణరాజేంద్ర మార్కెట్టు.

స్త్రీలు గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకం కింద సాధారణ ప్రభుత్వ బస్సుల్లో ఉచిత ప్రయాణం కర్ణాటక నివాసులకు వర్తిస్తుంది. గుర్తింపు కార్డులో ఆంధ్ర లేదా తెలంగాణ చిరునామా ఉంటే టికెట్టు కొనవలసిందే. ఇక్కడే స్థిరపడినవారు అద్దె ఒప్పందం వంటి ఆధారాలతో ఆధార్ చిరునామాను మార్పించుకొంటే ఆ ఖర్చు తప్పుతుంది.

రద్దీలో ఫోను, డబ్బు సంచి శరీరానికి ముందువైపు ఉంచుకోవాలి. క్యూఆర్ కోడుతో చెల్లించేటప్పుడు తెరపై కనిపించే పేరును దుకాణదారుతో సరిచూసుకొని, ఆ తరువాతే పిన్ నొక్కాలి. సొమ్ము అందుకోవడానికి పిన్ అవసరం లేదు. అలా అడిగినవారు మోసగాళ్లు. ఆపద కలిగితే 112కు ఫోను చేయాలి.

అమ్మేవారికీ హక్కులున్నాయి

వీధి వ్యాపారుల్లోనూ వలస వచ్చినవారు ఉన్నారు. వారిలో తెలుగువారు ఉండవచ్చు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వారికి గుర్తింపు పత్రం, పట్టణ విక్రయ సమితిలో ప్రాతినిధ్యం కల్పించింది. ఆ సమితి సభ్యుల్లో కనీసం 40 శాతం వ్యాపారులే ఎన్నుకొన్నవారై ఉండాలి. కాయలను గోటితో గిచ్చి చూడడం, తూచిన తరువాత వద్దనడం, పది రూపాయల కొత్తిమీరకు పెద్దనోటు ఇవ్వడం వారికి నష్టం కలిగిస్తాయి. తూకం విషయంలో నిక్కచ్చిగా, మాటలో మెత్తగా ఉండే కొనుగోలుదారును వ్యాపారి గుర్తుపెట్టుకొంటాడు. రెండు మూడు వారాలు ఒకే దుకాణానికి వెళితే, అడగకుండానే కరివేపాకు రెబ్బ సంచిలో పడుతుంది.