బుర్గుండీ ద్రాక్ష తోటలు: తక్కువ దిగుబడికి ఎక్కువ ధర, పిచికారీ చేయనన్న రైతు మీద కేసు

ఈ వారం వీడియోలో ఫ్రాన్స్‌లోని బుర్గుండీ ప్రాంతం గురించి క్లుప్తంగా చెప్పాను. ఆ వివరాలే ఇక్కడ కొంచెం విడమరిచి రాస్తున్నాను. వైన్ తాగమనో, ఆ పంట వేయమనో చెప్పడానికి కాదు. మన ప్రకృతి వ్యవసాయంలో రోజూ వచ్చే మూడు ప్రశ్నలు అక్కడ చాలా స్పష్టంగా కనిపిస్తాయి: దిగుబడా, నాణ్యతా? రాగి మందు వాడొచ్చా? పక్క పొలం కోసం నా పొలంలో మందు కొట్టాలా?

ముందు ఊరు, పంట సంగతి. బుర్గుండీలో ముఖ్యమైన భాగం కోట్ డోర్. డిజోన్ పట్నం నుంచి దక్షిణంగా దాదాపు 50 కిలోమీటర్లు సాగే సన్నటి వాలు నేల. సున్నపురాయి కలిసిన మట్టి, తూర్పు ముఖంగా ఉంటుంది కాబట్టి పొద్దున్నే ఎండ తగులుతుంది. ఇక్కడి ఎర్ర వైన్ మొత్తం దాదాపు ఒకే రకం ద్రాక్షతో చేస్తారు. దాని పేరు పినో న్వార్. పలుచటి తొక్క, బిగుతైన చిన్న గుత్తి. చల్లటి వాతావరణంలో నెమ్మదిగా పండితేనే దానికి వాసన, పులుపు నిలుస్తాయి. వేడి ఎక్కువైతే తీపి గబగబా పెరిగి పులుపు పడిపోతుంది. మన దగ్గర ద్రాక్షకు ఏడాదికి రెండుసార్లు కత్తిరింపు చేస్తాం. అక్కడ చలికాలమంతా తీగ నిద్రపోతుంది, కాబట్టి కత్తిరింపు ఒక్కసారే.

ఎరువు వేయొద్దన్న రాజు

1395లో బుర్గుండీ డ్యూక్ ఫిలిప్ ఒక ఆజ్ఞ జారీ చేశాడు. ఎక్కువ కాసే గామే అనే ద్రాక్ష రకాన్ని పీకేయమన్నాడు. తోటలకు పశువుల ఎరువు వేయడాన్నీ నిషేధించాడు. వింటే మనకు విడ్డూరంగా ఉంటుంది. కానీ ఆయన బాధ ఎరువు మీద కాదు, ఎరువుతో కాపు పెంచి రుచి పోగొడుతున్నారని.

ఆ ఆలోచన ఇప్పటికీ చట్టంలో ఉంది. అక్కడ పొలాలకు నాలుగు మెట్లు ఉన్నాయి: ప్రాంతం, ఊరు, ప్రీమియర్ క్రూ, అన్నిటికన్నా పైన గ్రాండ్ క్రూ. మెట్టు పెరిగేకొద్దీ అనుమతించే దిగుబడి తగ్గుతుంది. గ్రాండ్ క్రూ ఎర్ర వైన్‌కు హెక్టారుకు దాదాపు 35 హెక్టోలీటర్లే. అంటే ఎకరాకు 1,400 లీటర్లు, ద్రాక్ష లెక్కన రెండు టన్నులకు అటూ ఇటూ. మొక్కలు మాత్రం ఎకరాకు 4,000 దాకా ఉంటాయి, మీటరుకొకటి చొప్పున. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ పందిళ్లు చూసినవాళ్లకి ఇది నమ్మబుద్ధి కాదు. కానీ రొమానే-కోంటీ అనే నాలుగున్నర ఎకరాల తోట వైన్ సీసా ఒక్కటే లక్షల రూపాయలు పలుకుతుంది. గుర్తుంచుకోండి, ఆ ధర వెనక వందల ఏళ్ల పేరు, పొలం పేరుతోనే అమ్ముకునే హక్కు ఉన్నాయి. దిగుబడి తగ్గించినంత మాత్రాన మనకు ధర రాదు. నాణ్యతను గుర్తించి డబ్బు ఇచ్చే మార్కెట్ కూడా కావాలి.

కొమ్ము ఎరువు, మైలుతుత్తం

రసాయనాల వల్ల ఈ నేలలు కూడా దెబ్బతిన్నాయి. 1980ల చివర్లో క్లాడ్ బూర్గిన్యోన్ అనే మట్టి శాస్త్రవేత్త, ఇక్కడి కొన్ని నేలల్లో సహారా ఎడారి కన్నా తక్కువ జీవం ఉందని హెచ్చరించాడు. లరువా అనే పేరున్న తోట 1988లో బయోడైనమిక్ పద్ధతికి మారింది. రొమానే-కోంటీ తోట 2007 నుంచి పూర్తిగా అదే పద్ధతి. ఆవు కొమ్ములో పేడ నింపి చలికాలమంతా భూమిలో పాతి, తీసి, నీళ్లలో గంటసేపు గిలకొట్టి చల్లడం మనలో చాలామందికి తెలిసిందే. ట్రాక్టర్ బరువుకు మట్టి గట్టిపడుతోందని కొందరు గుర్రాలతో దున్నుతున్నారు.

అయినా బూజు తెగులు వదలదు. దానికి సేంద్రియ రైతులు కూడా బోర్డో మిశ్రమమే వాడతారు. ఐరోపాలో 2019 నుంచి పరిమితి ఏడేళ్లలో హెక్టారుకు 28 కిలోల రాగి. అంటే సగటున ఏడాదికి ఎకరాకు 1.6 కిలోలు. మన లెక్కలో చూడండి: ఒక శాతం బోర్డో మిశ్రమం 200 లీటర్లు కొడితే 2 కిలోల మైలుతుత్తం పడుతుంది, అందులో రాగి పావు వంతు, అర కిలో. మూడు పిచికారీలకే వాళ్ల ఏడాది కోటా దాదాపు అయిపోతుంది. రాగి మట్టిలో కరిగిపోదు, పేరుకుంటుంది. వానపాములకు మంచిది కాదు. సేంద్రియంలో అనుమతి ఉంది కదా అని లెక్క లేకుండా కొట్టే తోటలు మన దగ్గరా ఉన్నాయి.

మందు కొట్టనన్న రైతు

ఇప్పుడు అసలు విషయం. నువ్వులో వెర్రి తెగులు మీకు తెలుసు. ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి, దాన్ని మోసే దీపపు పురుగు. ద్రాక్షలోనూ అలాంటిదే ఒకటి ఉంది, పేరు ఫ్లావెసాన్స్ డోరె. ఆకులు ముడుచుకుని, ఎర్ర రకాల్లో ఎర్రబడి, తీగ చస్తుంది. మందు లేదు, పీకేయడమే. 2013లో కోట్ డోర్ అధికారులు జిల్లాలోని తోటలన్నిటికీ పురుగుమందు కొట్టాలని ఆజ్ఞ ఇచ్చారు. బోన్‌లో పదెకరాలు కాదు, పది హెక్టార్లు బయోడైనమిక్‌లో సాగుచేసే ఎమాన్యుయేల్ జిబులో కొట్టనన్నాడు. సేంద్రియంలో అనుమతి ఉన్న పైరెత్రిన్ కూడా వద్దన్నాడు. నా తోటలో తెగులే లేదు, మిత్రపురుగులను ఎందుకు చంపాలి అన్నది ఆయన వాదన. ఆరు నెలల జైలు, 30,000 యూరోల జరిమానా దాకా పడే కేసు అది. 2014 ఏప్రిల్‌లో కోర్టు వెయ్యి యూరోల జరిమానా వేసి, సగం అమలు చేయకుండా ఉంచింది. డిసెంబర్‌లో పై కోర్టు నిర్దోషి అంది.

నా అభిప్రాయం చెబుతాను. పక్క రైతుల భయం అబద్ధం కాదు. పురుగుకు గట్టు తెలియదు. కానీ తెగులు ఎక్కడుందో చూడకుండా జిల్లా అంతా కొట్టమనడం కూడా సరికాదు. మందు కొట్టనన్న రైతు మీద రెట్టింపు బాధ్యత ఉంటుంది: ప్రతి సాలు తిరిగి చూడాలి, తెగులు మొక్క కనిపిస్తే ఆ రోజే పీకి పక్కవాళ్లకు చెప్పాలి. బుర్గుండీలో వేసవి చివర్లో రైతులు కలిసి వరుసవరుసా నడిచి అలాగే వెతుకుతారు. మన ఊళ్లలో కూడా ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు, చేయనివాళ్లు కలిసి అలా తిరిగితే సగం గొడవలు ఉండవు.

చివరగా ఇంకొక్క మాట. బోన్‌లో 1354 నుంచి 2018 వరకు ద్రాక్ష కోత తేదీల రికార్డు ఉంది. 1988 తర్వాత కోత సగటున 13 రోజులు ముందుకు జరిగింది. మార్చిలో వేడికి ముందే చిగురు వచ్చి, ఏప్రిల్ మంచుకు మాడిపోతోంది. 2021లో అదే జరిగింది, రాత్రంతా సాళ్ల మధ్య కొవ్వొత్తులు వెలిగించి కాపాడుకున్నారు. చల్లటి ప్రాంతం అన్న పేరు మీదే బతికే పంటకి ఇదే పెద్ద పరీక్ష. మీరూ ఈ ఏడాది నుంచి విత్తిన తేదీ, పూత తేదీ, కోత తేదీ ఒక పుస్తకంలో రాయండి. పదేళ్ల తర్వాత మీ పొలం గురించి మీకంటే బాగా చెప్పేవాళ్లు ఉండరు.