ఒక్కసారి చూసి రాకండి: ప్రకృతి రైతు రెండుసార్లు వెళ్లాల్సిన ఐదు చోట్లు, ఒక కల



"తమ్ముడూ, మనలాంటోళ్లు జీవితంలో ఒక్కసారైనా చూడాల్సిన పొలాలు ఏవి?" అని శిక్షణలకు వెళ్లిన ప్రతిచోటా ఎవరో ఒకరు అడుగుతారు. పేర్లు చెప్పడం సులువే, ఈరోజు చెప్తాను కూడా. కాకపోతే ఆ ప్రశ్నలో ఒక మాట మార్చుకుందాం. ఒక్కసారి కాదు, రెండుసార్లు. గుడి గోపురం ఎప్పుడు వెళ్లి చూసినా ఒకలాగే ఉంటుంది. పొలం అలా కాదు, కార్తె మారితే పొలం మారిపోతుంది. అసలు ఆగస్టులో పచ్చగా లేని పొలం ఎక్కడుంది చెప్పండి?

మన రైతు యాత్రలు ఎక్కువగా వానాకాలంలోనో, సంక్రాంతి ముందో పెడతారు. పొద్దున పదింటికి బస్సు దిగుతాం. రైతు మాట్లాడతాడు. జీవామృతం డ్రమ్ము దగ్గర ఒక ఫోటో, చెట్ల కింద భోజనం, మూడింటికి మళ్లీ బస్సు. నేను అగ్రికల్చర్ డిప్లొమా చదివేటప్పుడు ఫీల్డ్ విజిట్లు కూడా ఇట్లాగే జరిగేవి. వీడియో సంగతీ అంతే. అది చూపించేది ఆ రోజు పొలం ఎట్లా ఉందో, అంతవరకే.

దీనివల్ల నష్టం ఏంటంటారా? మాది పాలమూరు వైపు, ఎర్ర చెలక నేలలు. మా పక్క మండలంలో ఒక అన్న వానాకాలంలో కోనసీమ వెళ్లి కొబ్బరి కింద కోకో, మధ్యలో అరటి, చెట్లకు పాకిన మిరియాల తీగ చూసి వచ్చాడు. మంచి కష్టజీవి. ఇంటికొచ్చి తన చెలకలో ఐదు అంచెలూ పెట్టాడు. మొదటి ఏడు బాగానే ఉంది. రెండో ఎండాకాలం బోరు తగ్గింది, ముందు అరటి పోయింది, తర్వాత కోకో. పద్ధతిలో తప్పేం లేదు. కోనసీమలో ఎండాకాలం కాలువలు కట్టేసినా భూమిలో నీళ్లు పైనే ఉంటాయి. అదే ప్రయాణం మే నెలలో చేసి ఉంటే, "కాలువ ఎండింది గదా, తోట ఎట్లా పచ్చగుంది?" అనే ప్రశ్న దానంతట అదే వచ్చేది. ఆ ఒక్క ప్రశ్న ఆయన పెట్టుబడిని కాపాడేది.

అందుకే నేను పెట్టుకున్న లెక్క ఇది. మొదటిసారి పంట బాగున్నప్పుడు వెళ్లాలి. రెండోసారి అదే పొలం కష్టంలో ఉన్నప్పుడు వెళ్లాలి. కింద ప్రతి చోటుకూ రెండు కాలాలు రాశాను.

1. జహీరాబాద్, సంగారెడ్డి జిల్లా: సంక్రాంతికి ఒకసారి, తొలకరికి ఒకసారి

పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. ఊరూరా మహిళా సంఘాలు, ఎక్కువ మంది చిన్న కమతాల దళిత మహిళలు. వాళ్ల కృషికి 2019లో ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. మాచనూరులో వాళ్లు నడిపే సంఘం రేడియో 2008లో మొదలైంది.

చాలామంది వెళ్లేది సంక్రాంతి టైంలో, పాత పంటల జాతరకు. అలంకరించిన ఎడ్ల బండ్ల మీద విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. తప్పకుండా చూడండి. అదే రోజుల్లో పొలాల్లోకి దిగితే సత్యం పంటలు కనిపిస్తాయి. నీళ్లు కట్టకుండా, నేలలోని తేమకూ చలికాలం మంచుకూ పండే పంటలకు అక్కడి అక్కలు పెట్టుకున్న పేరది.

జాతరలో కనిపించేది విత్తనం. ఆ విత్తనాన్ని ఎట్లా కలిపి వేస్తారో చూడాలంటే మాత్రం మృగశిర కార్తెలో, తొలకరి పడ్డాక వెళ్లాలి. జొన్న, కంది, కొర్ర, అనుములు, పెసర ఏ పాళ్లలో కలుపుతారు? ఏ సాలు తర్వాత ఏ సాలు? వాన వెనకపడితే ముందు దేన్ని తగ్గిస్తారు? ఇవి చేతిలో విత్తనం ఉన్నప్పుడు అడిగితేనే సరైన జవాబు వస్తుంది. జనవరిలో అడిగితే "అన్నీ కలిపి ఏస్తం బిడ్డా" అంటారు, అంతే.

2. ఏనెబావి, జనగామ జిల్లా: తొలకరికి ఒకసారి, పంట అమ్మే టైంలో ఒకసారి

లింగాల ఘన్‌పూర్ మండలంలో 50 పైచిలుకు గడపల చిన్న ఊరు. ఊరంతా కలిసి రసాయనాలు మానేసి, 2006లో ఆ మాట బోర్డు మీద రాసి పెట్టుకుంది. ఒక రైతు మారడం వేరు, ఊరు మొత్తం మారడం వేరు. ఆ తేడా తొలకరిలో బాగా అర్థమవుతుంది.

ఎర్ర గొంగళి పురుగునే తీసుకోండి. మొదటి మంచి వాన పడగానే నేలలోని కోశస్థ దశ నుంచి రెక్కల పురుగులు లేస్తాయి. వాటికి వెలుతురంటే పిచ్చి. ఆ రాత్రుల్లో పొలాల గట్ల మీద మంటలు వేస్తే గుడ్లు పెట్టకముందే పోతాయి. కానీ నువ్వొక్కడివే మంట వేస్తే చుట్టుపక్కల పురుగులన్నీ నీ పొలానికే వస్తాయి. ఊరంతా ఒకేసారి వేయాలి. పురుగుమందు ఎవరికి వారు కొట్టుకోవచ్చు, మందు లేకుండా చేయాలంటే పక్కవాడు కలిసి రావాలి. ఇలాంటి ఊరికి వెళ్లి నేర్చుకోవాల్సింది ముందు ఇదే.

రెండోసారి ధాన్యం ఇంటికొచ్చాక వెళ్లండి. నేను కట్టె గానుగ పెట్టి నూనె అమ్ముతున్నా కాబట్టి నా చూపు ఎప్పుడూ అమ్మకం మీదే ఉంటుంది. ఎవరు కొంటున్నారు, మిల్లు ఎక్కడ ఆడిస్తున్నారు, డబ్బు ఎన్నాళ్లకు చేతికొస్తుంది, ఇన్నేళ్లలో ఎవరు వెనక్కి తగ్గారు, ఎందుకు తగ్గారు? దాదాపు రెండు దశాబ్దాల అనుభవం ఉన్న ఊళ్లో అడగాల్సిన ప్రశ్నలివి. ద్రావణాలు, కషాయాలు చేసే పద్ధతి ఇంట్లో కూర్చుని కూడా నేర్చుకోవచ్చు.

3. చెన్నేకొత్తపల్లి, శ్రీ సత్యసాయి జిల్లా: కార్తీకంలో ఒకసారి, ఏప్రిల్–మేలో ఒకసారి

పాత అనంతపురం జిల్లా అంటే ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే నేల. ఇక్కడ 1990లో 32 ఎకరాల బీడు భూమి కొని మొదలైంది టింబక్టు కలెక్టివ్. దగ్గర్లోని ముష్టికోవెల దగ్గర కల్పవల్లి ఉంది. ఒకప్పటి బోడిగుట్టలు, రైతుల కమిటీలు కాపలా కాస్తే వేల ఎకరాల్లో గడ్డి, ఈత, అడవి తిరిగి వచ్చింది.

వానల తర్వాత వెళ్తే గడ్డి నడుము ఎత్తు ఉంటుంది, కళ్లు నిండిపోతాయి. ఎండాకాలం వెళ్తే అదే గడ్డి ఎండి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. మంట పాకకుండా ఖాళీ పట్టీలు ఎట్లా తీస్తారో, మేకలు, గొర్రెల కాపరులతో మాట ఎట్లా కుదుర్చుకున్నారో అప్పుడు తెలుస్తుంది. గాలిమరల కోసం గుట్టల మీద వేసిన రోడ్లు కూడా కనిపిస్తాయి. ఇన్నేళ్లు కాపాడిన నేలకైనా కొత్త ఒత్తిడి వస్తుందని అవి గుర్తుచేస్తాయి.

ఆ ప్రయాణంలోనే ఇంకో పని చేయండి. ఏపీ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో ఉన్న రైతులు వానకు ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు వేస్తారు. మనం పీఎండీఎస్ అంటాం కదా, అదే. విత్తనాలకు మట్టి, ఘనజీవామృతం పట్టించి, పైన ఆచ్ఛాదన కప్పి, చిన్న జల్లు కోసం ఎదురుచూస్తారు. మేలో మొలిచిన పొలమూ మొలవని పొలమూ రెండూ చూడండి. మొలవనిదే ఎక్కువ నేర్పుతుంది. ఆచ్ఛాదన ఎంత మందం వేశారో చేత్తో పట్టి చూడండి.

4. హివరే బజార్, మహారాష్ట్ర: దీపావళి దాటాక ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి

అహ్మద్‌నగర్ జిల్లాలో ఉంది, ఇప్పుడు ఆ జిల్లా పేరు అహిల్యానగర్. కరువు ప్రాంతం. పోపట్‌రావ్ పవార్ గారు సర్పంచ్ అయ్యాక 1990ల నుంచి గుట్టల మీద కందకాలు, చెక్‌డ్యాములు, చెట్లు అన్నీ ఊరు కలిసి చేసుకుంది. ఆయనకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఇవన్నీ మనకు తెలిసిన పనులే. అక్కడి అసలు విషయం నీటి బడ్జెట్. వానలు అయిపోయాక ఎంత కురిసింది, బావుల్లో ఎంత ఉంది అని లెక్క కడతారు. ముందు మనుషుల తాగునీరు, తర్వాత పశువులు, మిగిలిన దాన్నిబట్టి పంట. సాగు కోసం బోర్లు వేయకూడదు, చెరకు లాంటి నీళ్లు తాగే పంటలు పెట్టకూడదు అని ఊరు కట్టుబాటు పెట్టుకుంది.

దీపావళి దాటాక వెళ్తే ఆ లెక్క చూడొచ్చు. ఏప్రిల్‌లో మళ్లీ వెళ్లి బావిలోకి తొంగి చూస్తే ఆ లెక్క నిలబడిందో లేదో తెలుస్తుంది. మన దగ్గర ఎన్ని ఇంకుడు గుంతలు తీసినా పక్కనే నాలుగు కొత్త బోర్లు పడుతుంటే ఏం లాభం? ఆ ఊరు చూసి వచ్చినవాళ్లు మన గ్రామసభలో ఈ మాట గట్టిగా అడగగలగాలి.

5. కల్పవృక్ష, గుజరాత్: మార్చిలో ఒకసారి, జోరు వానల్లో ఒకసారి

వల్సాడ్ జిల్లా ఉమర్‌గామ్ దగ్గర దేహ్రీ ఊళ్లో, సముద్రానికి దగ్గరగా భాస్కర్ సావే గారి 14 ఎకరాల తోట. ఆయన 1922లో పుట్టి 2015లో వెళ్లిపోయారు. 2010లో ఐఫోమ్ సంస్థ ఆయనకు జీవితకాల పురస్కారం ఇచ్చింది. జపాన్ నుంచి ఫుకుఓకా గారు కూడా ఈ తోటకు వచ్చి వెళ్లారు.

కొబ్బరి, సపోటా నీడలో నడుస్తుంటే బయటికి రాబుద్ధి కాదు. కానీ చూడాల్సింది చెట్ల పైన కాదు, మధ్యలో. ఎత్తు మడి మీద చెట్లు, రెండు మడుల మధ్య కాలువ. నీళ్లు మొదట్లో కాకుండా ఆ కాలువలో ఇస్తారు, వేర్లు తేమను వెతుక్కుంటూ పక్కకు పాకుతాయి. ఎండ ముదిరే మార్చిలో వెళ్తే ఆ నీటి పొదుపు అర్థమవుతుంది. జులైలో వెళ్తే ఎత్తు మడి ఎందుకు పెట్టారో అర్థమవుతుంది, అక్కడ రాయలసీమకు మూడు రెట్ల పైన వాన కొడుతుంది. రెండూ చూసినవాళ్లు ఆ మడినీ కాలువనూ ఉన్నది ఉన్నట్టు తెచ్చి మన చెలకలో పెట్టరు. వేరు ఎటు పాకుతుందో గమనించి, మన నేలకు తగ్గ కొలత వేసుకుంటారు.

నా కల: షికోకు దీవి

ఇంకా చూడనిది, చూడాలనుకునేది ఒకటుంది. జపాన్‌లో షికోకు దీవి, ఎహిమే ప్రాంతం, ఇయో. మసనోబు ఫుకుఓకా గారి కమలా తోట ఉన్న కొండ. ఆయన 1913లో పుట్టి 2008లో పోయారు. గడ్డిపరకతో విప్లవం చదివి ఈ దారిలోకి వచ్చినవాళ్లు మనలో ఎంతమందో. దున్నకుండా, వరి కోయకముందే అందులో బార్లీ చల్లి, గడ్డి మళ్లీ పొలానికే ఇచ్చిన పద్ధతి ఆయనది.

నాకు వెళ్లాలనుంది ఎందుకంటే, అక్కడి వాన చూడాలి. ఆ దీవిలో ఏడాది పొడుగునా ఎంతో కొంత కురుస్తుంది, చలికాలం బార్లీకి తేమ ఉంటుంది. మనకు నవంబరు దాటితే ఆకాశం ఖాళీ. పుస్తకం చదివి చెలకలో వరి మీద ఏదో చల్లి, మొలవలేదని ఆయన్ని తిట్టినవాళ్లున్నారు. ఆయన చెప్పింది బార్లీ గురించి కాదు, నీ నేల ఎప్పుడు ఏం అడుగుతుందో చూడమని. పాస్‌పోర్టు డబ్బు కూడేదాకా ఆ చూడటం మన దగ్గరే మొదలుపెట్టొచ్చు.

వెళ్లేముందు, వెళ్లాక

చెప్పకుండా వెళ్లకండి. ముందు ఫోన్ చేసి రోజు అడగండి. సందర్శనకు రుసుము ఉంటే బేరం ఆడకండి, రైతు అరపూట పని వదిలి మనతో తిరుగుతాడు. రుసుము లేకపోతే బియ్యమో, విత్తనమో, బెల్లమో కొనండి. కొమ్మ తుంచాలన్నా గింజ తీసుకోవాలన్నా అడిగి తీసుకోండి.

నోటుపుస్తకంలో ఐదు విషయాలు రాసుకోండి: వాన ఎంత, మట్టి లోతు ఎంత, మేలో నీళ్లు ఎక్కడివి, పనిచేసే చేతులు ఎన్ని, కొనేది ఎవరు. ఇంటికొచ్చాక పక్కనే మీ పొలం లెక్క రాయండి. ఐదింటిలో మూడు కలవకపోతే ఆ మోడల్ ఎకరంలో వద్దు, ఐదు సెంట్లలో చేసి చూడండి.

రెండోసారి వెళ్లడంలో ఇంకో లాభం ఉంది. మొదటిసారి మనం అతిథులం, వాళ్లు గెలిచిన సంగతులు చెప్తారు. రెండోసారి వెళ్తే చుట్టాలం, పోయిన పంటల సంగతి కూడా చెప్తారు. మనకు కావాల్సింది ఆ రెండో ముచ్చటే.

ఖర్చు ఎక్కువ అనుకుంటే దూరం పోనక్కర్లేదు. ఐదింటిలో దగ్గరిది ఒకటి ఎంచుకోండి. దాంతోపాటు మీ నేలలాంటి నేల, మీ వానలాంటి వాన ఉన్న రైతు పొలం ముప్పై కిలోమీటర్లలోపు ఒకటి వెతకండి. ఇద్దరు ముగ్గురు కలిసి బండి మీద పోయి రావచ్చు. ఏ ఊరో రాసుకునేటప్పుడు పక్కనే ఏ కార్తెలో వెళ్తారో కూడా రాసుకోండి. రోహిణి కార్తెలో ఒకసారైనా వెళ్లండి. ఆ ఎండలో నిలబడిన పొలమే మనకు పాఠం.