ఆసుపత్రి సంచిలో పెద్దవాళ్ళ చెప్పులు సరైనవేనా?

పెద్దవాళ్ళను ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే దుప్పటి, ఫ్లాస్కు, పాత రిపోర్టులు, మందుల చీటీలు అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుతాం. కాళ్ళకు మాత్రం ఇంట్లో వాడే హవాయి చెప్పులే. హోసూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా, బరంపురం, షోలాపూరు, యానాంలో ఉన్నా మన ఇళ్ళలో ఇది మామూలే.

పడిపోవడం చిన్న విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. వారిలో 60 ఏళ్ళు దాటినవారే ఎక్కువ. జ్వరానికని చేరిన తాతయ్య తుంటి ఎముక విరిగితే మళ్ళీ మునుపటిలా నడవడం కష్టం.

ఆసుపత్రిలో ఈ ప్రమాదం ఎందుకు ఎక్కువ? నాలుగు రోజులు మంచం మీదే ఉంటే కాళ్ళలో సత్తువ తగ్గుతుంది. కొన్ని బీపీ మాత్రలు, నిద్రమాత్రల వల్ల లేవగానే కళ్ళు తిరుగుతాయి. చోటు కొత్త, బాత్రూమ్ నేల తడి.

హవాయి చెప్పుకు వెనక పట్టీ ఉండదు. కాలివేళ్ళతో బిగపట్టి నడవాలి. నీరసంగా ఉన్నవారికి అది చేతకాక కాళ్ళు ఈడుస్తారు. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారితే చెప్పు జారినా తెలియదు. వట్టి సాక్స్ నున్నటి టైల్స్ మీద జారతాయి. వట్టికాళ్ళతో నడిస్తే జారడమే కాదు, షుగర్ ఉన్నవారికి పుండ్ల భయం కూడా.

మరి ఎలాంటివి కొనాలి? మడమను పట్టి ఉంచే వెనకభాగం, వాచిన పాదానికి తగ్గట్టు వదులు చేసుకునే వెల్క్రో పట్టీ, జారని గీతల అడుగు ఉండాలి. అడుగు మరీ మెత్తగా, మందంగా ఉంటే నేల సరిగా తెలియదు. మడమ ఎత్తు 2.5 సెంటీమీటర్లు దాటకూడదు. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి కాబట్టి కొలత అప్పుడే చూడాలి. బూటు బిగుతైందని మడమ దగ్గర తొక్కి వేసుకోనివ్వకండి.

లోపల చెప్పులతో తిరగడం తప్పని మన పెద్దలు అంటారు. బయట తొడగని జత ఒకటి వార్డు కోసమే విడిగా ఉంచితే ఆ ఇబ్బంది ఉండదు. చెప్పులు బయట విడవాలన్న నియమం ఉన్న వార్డయితే, ఈ జతకు అనుమతి ఇమ్మని నర్సును అడగండి.

చెప్పులొక్కటే చాలవు. మంచం దిగేముందు పాదాలు కిందికి వేసి ఒకటి రెండు నిమిషాలు కూర్చోవాలి. చేతికర్ర, కళ్ళద్దాలు అందేచోట ఉంచాలి. రాత్రి ఎవరినీ లేపడమెందుకని అమ్మమ్మలు ఒంటరిగా లేస్తారు. ఆ మొహమాటం వద్దని ముందే చెప్పాలి. ఇంతకుముందు ఎప్పుడైనా పడ్డారా, కళ్ళు తిరుగుతాయా అన్నది చేరిన రోజే నర్సుకు అక్కడి భాషలో చెప్పండి. మగతలో తెలుగు మాత్రమే మాట్లాడే పెద్దలైతే ఆ సంగతి కూడా చెప్పాలి. అప్పుడే అర్ధరాత్రి వాళ్ళు పిలిచినా నర్సుకు అర్థమవుతుంది.