ఎగ్ బాయిలర్ – నీటి కొలత

కోడిగ్రుడ్డు నుడికించుట వంటలలోనెల్ల సులభమైనదని లోకాభిప్రాయము. ఐనను నీరెంత పోయవలెను, ఎంతసేపు పొయ్యిమీద నుంచవలెను అను ప్రశ్నలకు ఒక్కొక్క యింట ఒక్కొక్క సమాధానము వినవచ్చును. ఈ చిక్కును తీర్చుటకు ఎగ్ బాయిలర్ అను చిన్న విద్యుత్పరికరము వాడుకలోనికి వచ్చినది. ఉదయముననే పిల్లలను బడికి, పెద్దలను ఉద్యోగములకు పంపవలసిన యిండ్లలో దీనివలన సౌకర్యము కలదు. కాని దీనిని క్రొత్తగా తెచ్చుకొన్నవారికి ఒక సందేహము కలుగుట సహజము. కొలపాత్రపై గీతలను చూచినచో ఒక గ్రుడ్డుకు ఎక్కువ నీరు, 7 గ్రుడ్లకు తక్కువ నీరు పోయవలెనని యుండును. ఇది అచ్చుతప్పు కాదు. దీనికి కారణము తెలిసికొన్నచో యంత్రము పనిచేయు తీరంతయు మనకు తెలిసినట్లే.

ఈ పరికరమున అడుగున వేడెక్కు లోహపు పళ్లెము, దానిపై గ్రుడ్లు నిలుచుటకు గుంటలుగల తట్ట, ఆపైన చిన్న రంధ్రముగల మూత యుండును. సామాన్యముగా ఇది 350 మొదలు 500 వాట్ల వరకు విద్యుత్తును వాడుకొనును. సాధారణమైన రకములలో కాలమును కొలుచు గడియార మేదియు నుండదు. పళ్లెములో పోసిన నీరే దానికి గడియారము. నీరున్నంతవరకు పళ్లెపు వేడి, నీరు మరుగు వేడిని అంతగా మించిపోజాలదు. విద్యుత్తు ఇచ్చు వేడి యంతయు నీటిని ఆవిరిగా మార్చుటకే వ్యయమగును. కడపటి బొట్టు ఆవిరియైన మరుక్షణము పళ్లెము వేడి త్వరత్వరగా పెరుగును. క్రింద అమర్చిన థర్మోస్టాట్ ఆ పెరుగుదలను గుర్తించి విద్యుత్తును ఆపివేయును. అనగా నీరు ఎక్కువ పోసినచో ఎక్కువసేపు, తక్కువ పోసినచో తక్కువసేపు గ్రుడ్డు ఉడుకును.

ఇక మొదటి సందేహమునకు వత్తము. ఒక గ్రాము నీటిని 30 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు వేడిచేయుటకు 70 కెలోరీలు చాలును. మరుగుచున్న ఆ గ్రాము నీటిని ఆవిరిగా మార్చుటకు మాత్రము సుమారు 540 కెలోరీలు కావలెను. ఆ ఆవిరి చల్లని గ్రుడ్డును తాకి మరల నీరైనపుడు ఆ వేడినంతటిని గ్రుడ్డునకు అప్పగించును. 50 గ్రాముల గ్రుడ్డు ఉడుకుటకు ఈ విధముగా సుమారు 4 గ్రాముల ఆవిరి నీరుగా మారవలెను. ఆ నీరు బొట్లుబొట్లుగా తిరిగి పళ్లెము మీదనే పడును. దానిని యంత్రము రెండవమారు ఆవిరిచేయవలెను. 360 వాట్ల యంత్రమునకు ఈ పనికి గ్రుడ్డొకటింటికి 25 సెకండ్లు పట్టునని లెక్క తేలుచున్నది. ఒకటికి బదులు 7 గ్రుడ్లు పెట్టినచో, అదే నీరు సుమారు రెండున్నర నిమిషములు ఎక్కువకాలము నిలుచును. గ్రుడ్డు మెత్తగా నుండుటకును గట్టిపడుటకును నడుమ గల వ్యవధి ఇంచుమించు అంతియే. అందువలననే గ్రుడ్లు పెరిగినకొలది నీరు తగ్గింపవలసి వచ్చుచున్నది. గ్రుడ్లెక్కువ గనుక నీరెక్కువ యుండవలెనని పోసినవారికి పొడివలె రాలు పచ్చసొన లభించును. ఒక్క గ్రుడ్డునకు 7 గ్రుడ్ల కొలత పోసినవారికి లోపల ఉడుకని గ్రుడ్డు మిగులును.

రెండవ పొరపాటు రుచికి సంబంధించినది మాత్రమే కాదు. తెల్లసొన 62 డిగ్రీల ప్రాంతమున చిక్కబడ నారంభించును; పచ్చసొన 65 మొదలు 70 డిగ్రీల నడుమ గట్టిపడును. సగము ఉడికిన గ్రుడ్డులో సాల్మొనెల్లా అను సూక్ష్మజీవి బ్రతికియుండుటకు అవకాశము కలదు. ఆరోగ్యవంతులు దాని బాధను కొలది దినములలో తట్టుకొందురు. పసిపిల్లలకు, గర్భిణీ స్త్రీలకు, వృద్ధులకు, జబ్బుపడి కోలుకొనుచున్నవారికి అది ప్రమాదకరము కావచ్చును. అట్టివారికి పెట్టు గ్రుడ్డు తెల్లసొన, పచ్చసొన రెండును గట్టిపడువరకు ఉడుకవలెను. యంత్రము ఆగినంతమాత్రమున గ్రుడ్డు ఉడికినదని తలపరాదు. అది నీరు అయిపోయినదని మాత్రమే తెలుపును. ఒక గ్రుడ్డును కోసి చూచుటయే నిజమైన పరీక్ష.

కొలపాత్ర అడుగున సాధారణముగా ఒక సూది యుండును. గ్రుడ్డు యొక్క వెడల్పైన కొనలో పెంకునకు లోపల గాలి నిండిన చిన్న గది కలదు. వేడికి ఆ గాలి వ్యాకోచించి పెంకును పగులగొట్టవచ్చును. ఆ కొనలో సూదితో సన్నని రంధ్రము చేసినచో గాలి బయటికి పోయి పగుళ్లు తగ్గును. రంధ్రము చేసిన గ్రుడ్డును వెంటనే ఉడికింపవలెనే కాని నిలువ యుంచరాదు. పెంకు ఇచ్చు రక్షణ అప్పటికే పోయినది. సూది పిల్లల చేతికి అందకుండ జాగ్రత్తపడవలెను.

ఉడికిన గ్రుడ్లను వెంటనే చల్లని నీటిలో వేయవలెను. లేనిచో లోపలి వేడికి గ్రుడ్డు ఇంకను ఉడుకుచునే యుండును. మితిమీరి ఉడికినపుడు పచ్చసొన చుట్టును కనబడు ఆకుపచ్చని వలయము, తెల్లసొనలోని గంధకమును పచ్చసొనలోని యినుమును కలియుటవలన ఏర్పడును. అది హానికరము కాదు గాని చూపునకు బాగుండదు. అప్పుడే పెట్టిన గ్రుడ్డుకంటె వారము దినముల నాటి గ్రుడ్డునకు పెంకు సులభముగా వచ్చును.

కొలపాత్రపై గీతలు అన్ని యిండ్లకు ఒకే విధముగా సరిపోవు. విశాఖపట్టణమున సముద్రమట్టమున నీరు 100 డిగ్రీలకు మరుగును. 500 మీటర్లకు పైబడిన ఎత్తున నున్న హైదరాబాదున 98 డిగ్రీల చేరువలోనే మరుగును. ఫ్రిజ్ నుండి తీసిన గ్రుడ్డు బయట నుంచిన గ్రుడ్డుకంటె ఎక్కువ వేడి కోరును. కావున గీతను మొదటి ప్రయత్నముగా గ్రహించి, ఫలితమును చూచి మరునాడు ఒక చెంచా నీరు కలుపుటయో తగ్గించుటయో చేయవలెను. నడుమ కరెంటు పోయినచో స్విచ్చి ఆపివేయవలెను. మరచినచో, కరెంటు తిరిగి వచ్చినపుడు యంత్రము తనంతట తానే వేడెక్కును. అపుడు దగ్గర ఎవరును లేకపోవచ్చును.

బోరునీరు వాడు ఊళ్లలో పళ్లెముమీద తెల్లని సున్నపు పొర పేరుకొనును. పొర మందమైనచో నీరు మిగిలి యుండగనే థర్మోస్టాట్ ఆపివేయవచ్చును; గడియారము తప్పు చెప్పుటయన్న మాట. వెనిగర్ గాని నిమ్మరసము గాని కలిపిన నీటిని కొంతసేపు పోసియుంచి మెత్తని గుడ్డతో తుడిచినచో పొర వదలును. గీకుట తగదు. తుడుచుటకు ముందు ప్లగ్గు తీసి యంత్రమును చల్లారనీయవలెను. అడుగుభాగమును నీటిలో ముంచుట గాని, కుళాయి క్రింద కడుగుట గాని ఎన్నటికిని కూడదు. ఎర్తు సరిగానున్న ప్లగ్గుసాకెట్టునకే దీనిని తగిలింపవలెను. కొన్ని చవక రకములు నీరైపోయినపుడు గంట మ్రోగించునే కాని తమంతట ఆగవు. అట్టివానిని విడిచి దూరముగా పోరాదు. మూత తీయునపుడు ఆవిరి ముఖముమీదికి రాకుండ ముందు అవతలి అంచును ఎత్తవలెను.

ఖర్చు స్వల్పమే. 360 వాట్ల యంత్రము 10 నిమిషములు పనిచేసినచో యూనిట్టులో నూరింట ఆరు వంతులు మాత్రమే కాలును. పోగొట్టుకొనినచో కష్టమగు వస్తువు కొలపాత్ర యొక్కటియే. మందుసీసాతో వచ్చు మిల్లీలీటర్ల గీతలుగల చిన్న గిన్నెతో దాని కొలతలను ఒకమారు కొలిచి, ఒక గ్రుడ్డుకెంత, 4 గ్రుడ్లకెంత, 7 గ్రుడ్లకెంత అని కాగితముపై వ్రాసి వంటయింటి గోడకు అంటించుకొనుట మంచిది. ఆ కాగితమున్నచో కొలపాత్ర పోయినను, ఇంట వంట చేయువారు మారినను, గ్రుడ్డు మాత్రము ఒక్కతీరుననే ఉడుకును.