రోటరీ ఇంజన్ కారులో స్పార్క్ ప్లగ్గుల మార్పు: కారణం, క్రమం, పరిభాష

వ్యాససంగ్రహం:

రోటరీ ఇంజన్ గల స్పోర్ట్స్ కారులో స్పార్క్ ప్లగ్గులు మార్చే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. మాజ్దా ఆర్.ఎక్స్-8 కారును ఉదాహరణగా తీసుకుని, ఒక్కొక్క రోటరుకు రెండు ప్లగ్గులు ఎందుకు అవసరమో, అవి ఎందుకు త్వరగా అరుగుతాయో, వాటిని ఏ క్రమంలో మార్చాలో పరిశీలిస్తుంది. ఈ విధానాన్ని తెలుగులో రాసేటప్పుడు ఎదురయ్యే పరిభాషాసమస్యలను, వాటికి పరిష్కారాలను సూచిస్తుంది.

కీలకపదాలు: రోటరీ ఇంజన్, స్పార్క్ ప్లగ్గు, లీడింగ్, ట్రెయిలింగ్, సాంకేతిక వచనం, పరిభాష.

1. ఉపోద్ఘాతం:

పని చేసే విధానాన్ని చెప్పే వచనానికి ఒక ప్రత్యేక బాధ్యత ఉంది. కథలోనో వ్యాసంలోనో ఒక పదం రెండు అర్థాలకు తావిస్తే పాఠకుడు రెండింటినీ ఆస్వాదించవచ్చు. యంత్రాన్ని విప్పే మనిషి చేతిలోని సూచన రెండు అర్థాలకు తావిస్తే యంత్రం పాడవుతుంది. తెలుగులో సాంకేతిక వచనాన్ని గురించిన చర్చ ఎక్కువగా పదాల కల్పన చుట్టూ తిరుగుతున్నది. ఆ పదాలు పని జరిగే చోట నిలుస్తాయా అన్న పరీక్ష మాత్రం అరుదుగా జరుగుతున్నది. అటువంటి పరీక్షకు రోటరీ ఇంజన్ ప్లగ్గుల మార్పు తగిన విషయం. పని చిన్నదే, కాని పొరపాటుకు మూల్యం పెద్దది.

2. రోటరీ ఇంజన్ - నిర్మాణం:

జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన నుంచి పుట్టిన ఈ ఇంజన్ తొలి నమూనా 1957లో ఎన్.ఎస్.యు. సంస్థలో నడిచింది. జపాన్‌లోని హిరోషిమా కేంద్రంగా ఉన్న మాజ్దా సంస్థ 1967లో కాస్మో స్పోర్ట్ కారుతో దీనిని మార్కెట్టులోకి తెచ్చింది. 1978లో ఆర్.ఎక్స్-7, 2003లో ఆర్.ఎక్స్-8 వచ్చాయి. ఆర్.ఎక్స్-8 ఉత్పత్తి 2012లో ఆగిపోయింది.

ఇందులో పిస్టన్లు, వాల్వులు ఉండవు. నడుము దగ్గర కొద్దిగా నొక్కుకున్న కోడిగుడ్డు ఆకారపు గదిలో, భుజాలు ఉబ్బిన త్రిభుజం వంటి రోటరు తిరుగుతుంది. రోటరు మూడు కొనల దగ్గర ఎపెక్స్ సీళ్లు అనే సన్నని పట్టీలు ఉంటాయి. అవి గది గోడను ఒరుసుకుంటూ సాగి, మూడు దహనగదులను ఒకదాని నుంచి మరొకటి వేరుచేస్తాయి. ఆర్.ఎక్స్-8లో ఇటువంటి రోటర్లు రెండు. ఒక్కొక్క రోటరు గది పరిమాణం 654 ఘనపు సెంటీమీటర్లు.

3. రెండు ప్లగ్గులు ఎందుకు?

పిస్టన్ ఇంజనులో దహనగది గుండ్రంగా, పొందికగా ఉంటుంది. రోటరీ ఇంజనులో అది పొడవుగా, పలుచగా ఉండి రోటరుతో పాటు కదులుతూ ఉంటుంది. ఒక్క నిప్పురవ్వతో అంత పొడవునా ఇంధనమిశ్రమం సరిగా మండదు. అందువల్ల గది నడుముకు అటూ ఇటూ రెండు ప్లగ్గులు అమర్చారు. రోటరు తిరిగే దిశలో ముందున్నది లీడింగ్, వెనుక ఉన్నది ట్రెయిలింగ్. ప్రధానమైన దహనాన్ని లీడింగ్ ప్లగ్గు ఆరంభిస్తుంది. వెనుకభాగంలో మిగిలిన మిశ్రమం మండడానికి ట్రెయిలింగ్ ప్లగ్గు తోడ్పడుతుంది.

ఈ రెండు ప్లగ్గుల రంధ్రాలు కూడా సమానం కావు. ఎపెక్స్ సీలు రంధ్రం మీదుగా దాటేటప్పుడు ఒక గదిలోని వాయువు పక్కగదిలోకి జారే అవకాశం ఉంది. ట్రెయిలింగ్ స్థానం దగ్గర రెండు గదుల మధ్య ఒత్తిడి తేడా ఎక్కువ. కనుక అక్కడ రంధ్రాన్ని చిన్నదిగా ఉంచారు. ప్లగ్గు కొన గదిలోకి పొడుచుకు రాకూడదు. వస్తే సీలుకు తగులుతుంది. అందుచేత పొడవు సరిపోని సాధారణ ప్లగ్గును ఇందులో బిగించడం ప్రమాదకరం.

ప్లగ్గులు త్వరగా అరగడానికి మూడు కారణాలు కనిపిస్తాయి.

అ) నాలుగు దశల పిస్టన్ ఇంజనులో షాఫ్టు రెండు చుట్లు తిరిగితే ఒక సిలిండరులో ఒకసారి దహనం జరుగుతుంది. రోటరీలో షాఫ్టు ఒక్కొక్క చుట్టుకు ఒక్కొక్క రోటరు దగ్గర ఒక దహనం జరుగుతుంది. నిమిషానికి 9,000 చుట్ల వేగం వద్ద ఒక్కొక్క ప్లగ్గు సెకనుకు 150 సార్లు నిప్పురవ్వను పుట్టించాలి. అదే వేగంతో తిరిగే పిస్టన్ ఇంజనులో 75 సార్లు చాలు.

ఆ) పిస్టన్ ఇంజనులో ప్లగ్గు ఉన్న చోటికే చల్లని తాజా మిశ్రమం వస్తుంది. రోటరీలో మిశ్రమం లోపలికి వచ్చే చోటు వేరు, మండే చోటు వేరు. ప్లగ్గు ఎప్పుడూ మండే చోటనే ఉంటుంది.

ఇ) సీళ్ల రాపిడిని తగ్గించడానికి కొద్దిపాటి ఆయిలును గదిలోకి పంపుతారు. అది కూడా మండి, ప్లగ్గు మీద మసిగా మిగులుతుంది.

4. మార్పు క్రమం:

సుమారు 30,000 మైళ్లకు, అంటే 48,000 కిలోమీటర్లకు ఒకసారి ప్లగ్గులు మార్చడం చాలామంది పాటించే పద్ధతి. ఎన్.జి.కె. ప్లగ్గులలో లీడింగుకు ఆర్.ఇ.7.సి-ఎల్, ట్రెయిలింగుకు ఆర్.ఇ.9.బి-టి వాడతారు. చివరి అక్షరమే స్థానాన్ని చెబుతుంది. ఈ సంస్థ గుర్తులలో అంకె పెరిగిన కొద్దీ ప్లగ్గు వేడిని త్వరగా బయటికి పంపుతుంది.

ప్లగ్గులు ఇంజనుకు ఎడమవైపు, కింది భాగంలో ఉంటాయి. ఇక్కడ ఎడమ అంటే డ్రైవరు సీటులో కూర్చున్న మనిషికి ఎడమ. ముందు చక్రం తీసి ఆ సందులోంచి చేయి పెట్టడం సులువు. ఇంజన్ పూర్తిగా చల్లారిన తరువాతే పని మొదలుపెట్టాలి. వేడిమీద విప్పితే అల్యూమినియం గదిలోని మరలు దెబ్బతింటాయి. కారును జాకీ మీద మాత్రమే నిలిపి కిందికి చేరకూడదు, స్టాండు తప్పనిసరి.

నాలుగు వైర్లనూ ఒకేసారి ఊడదీయకూడదు. ఒక వైరు ఊడదీసి, ఆ ప్లగ్గు మార్చి, వైరు తిరిగి తొడిగిన తరువాతే రెండవదానికి వెళ్లాలి. వైరును కాక దాని రబ్బరు తొడుగును పట్టుకుని లాగాలి. ప్లగ్గు విప్పే ముందు చుట్టూ ఉన్న దుమ్మును గాలితో ఊదాలి. లేకుంటే అది గదిలో పడుతుంది. కొత్త ప్లగ్గును మొదట వేళ్లతోనే తిప్పాలి. ఆదిలోనే బిగువు తగిలితే మర తప్పిందని గ్రహించి, వెనక్కి తిప్పి మళ్లీ ప్రయత్నించాలి. చివరి బిగింపును టార్క్ రెంచితో సుమారు 13 నుంచి 17 న్యూటన్ మీటర్ల వరకే చేయాలి.

ప్లగ్గు తీసి ఉప్పు కాగితంతో గీకి మళ్లీ బిగించడం మన స్కూటర్ల కాలం నాటి అలవాటు. ఇరీడియం ప్లగ్గుల కొన చాలా సన్నం. గీకడం, సందు సరిచేయాలని వంచడం రెండూ దానికి హాని చేస్తాయి.

5. తీసిన ప్లగ్గు చెప్పే సంగతులు:

తీసిన ప్లగ్గులను వాటి స్థానాల వరుసలోనే పెట్టి పరిశీలించాలి. లేత గోధుమ, బూడిద రంగులు ఆరోగ్యానికి గుర్తు. పొడి నల్లమసి ఇంధనం ఎక్కువైందని చెబుతుంది. తెల్లబారి పొక్కిన కొన అతివేడికి సూచన. పెట్రోలుతో తడిసి ఉంటే ఇంజన్ ముంచెత్తబడిందని అర్థం. చల్లని ఇంజనును ఆన్ చేసి, కారును నాలుగడుగులు జరిపి వెంటనే ఆపేస్తే ఈ స్థితి రావచ్చు. పెట్రోలు సీళ్ల మీది ఆయిలు పొరను కడిగివేయడంతో గదిలో ఒత్తిడి నిలవదు, ఇంజన్ మళ్లీ లేవదు.

ఒకే ఒక ప్లగ్గు మిగిలినవాటికి భిన్నంగా కనిపిస్తే దాని కాయిలును, వైరును అనుమానించాలి. ఆర్.ఎక్స్-8లో ఒక్కొక్క ప్లగ్గుకు ఒక్కొక్క కాయిలు ఉంటుంది. మన మెకానిక్కులు మిస్సింగ్ అని పిలిచే లోపాన్ని పట్టించుకోకపోతే, మండని ఇంధనం పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టరుకు చేరి అక్కడ మండుతుంది. అతివేడికి కరిగి అది పూడుకుపోతే పొగకు దారి ఉండదు. ఆ వేడి తిరిగి ఇంజనునే బాధిస్తుంది. ప్లగ్గు ఖర్చుతో పోయేది ఇంజన్ దాకా వస్తుంది.

6. పరిభాషావిచారం:

లీడింగ్, ట్రెయిలింగ్ పదాలను ముందు ప్లగ్గు, వెనుక ప్లగ్గు అని అనువదించడం మొదట తోచే మార్గం. కాని ఈ ఇంజనులో ముందు రోటరు, వెనుక రోటరు కూడా ఉన్నాయి. ముందు ప్లగ్గు అంటే ముందు రోటరుకు చెందిన ప్లగ్గు అని పాఠకుడు భావించవచ్చు. తొలి, మలి అంటే విప్పే క్రమమని పొరబడవచ్చు. కింది ప్లగ్గు, పై ప్లగ్గు అన్నవి ఈ కారులో సరిపోతాయి: లీడింగ్ కింద, ట్రెయిలింగ్ పైన ఉంటాయి. అయితే అవి కంటికి కనిపించే స్థానాన్నే చెబుతాయి, చేసే పనిని చెప్పవు. కనుక మూలపదాలను తెలుగు లిపిలో ఉంచి, స్థానాన్ని పక్కనే చెప్పడం మేలు. ముందు రోటరుకు ఎల్-1, టి-1, వెనుక రోటరుకు ఎల్-2, టి-2 అనే గుర్తులు సందేహానికి తావివ్వవు.

నామవాచకాల విషయంలో అరువు తప్పకపోయినా క్రియల విషయంలో తెలుగుకు లోటు లేదు. వైరును ఊడదీస్తాం, ప్లగ్గును విప్పుతాం, తొడుగును తొడుగుతాం, మరను బిగిస్తాం. ఏ క్రియ వాడితే చేతికి ఆ పనే స్ఫురిస్తుంది. అన్నిటికీ తొలగించు, అమర్చు అని రాయడం వల్ల ఈ తేడా పోతుంది. అలాగే గట్టిగా బిగించాలి అనేది సూచన కాదు, కొలత చెప్పినప్పుడే అది సూచన అవుతుంది.

7. ముగింపు:

• రోటరీ ఇంజనులో దహనగది ఆకారమే రెండు ప్లగ్గుల అవసరానికి కారణం. వాటి రంధ్రాలు, గుణాలు వేరు కనుక ఒకదాని స్థానంలో మరొకటి బిగించరాదు.

• ఒక వైరు, ఒక ప్లగ్గు అనే క్రమం పాటిస్తే స్థానాలు తారుమారయ్యే ప్రమాదం తప్పుతుంది.

• అనువాదపదం మరో భాగం పేరుతో కలిసిపోయే చోట అరువుపదమే స్పష్టం. క్రియల్లో మాత్రం వాడుకలోని తెలుగే స్పష్టం.

• సాంకేతిక పదాన్ని నిఘంటువులో చేర్చే ముందు, దానితో ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా రాసి చూడాలి. ఆ వాక్యాలను చదివి పని చేసే మనిషి ఎక్కడా ఆగి సందేహించకపోతే ఆ పదం నిలిచినట్లే.